రోగం ఎటు నుంచి ఎటు?

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో, ఆ గురువుగారు మందలో రోగం కనబడగానే ముందు ఒకటే అడిగేవారు: ఇది ఎటు నుంచి వచ్చింది? ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పినందువల్ల ఆఫ్రికాలో ఎంత నష్టం జరిగిందో, నిదానించి వెతికినందువల్ల ఎంత మేలు జరిగిందో ఈ పూట చెబుతాను.

మన పెద్దలు ముసర అని భయపడిన రిండర్‌పెస్ట్ 1887లో ఎర్రసముద్రపు ఒడ్డున, మస్సావా రేవు ప్రాంతంలో ఆఫ్రికాను పట్టుకుంది. ఇటలీ సైన్యం కోసం ఓడల్లో దింపిన పశువులే దాన్ని తెచ్చాయి. అవి మన దేశం నుంచి వెళ్ళినవేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. పదేళ్ళలో, 1897 నాటికి, అది ఖండపు దక్షిణ కొసకు చేరింది. సోకిన మందల్లో నూటికి 80, 90 పశువులు పోయాయి. దుక్కిటెద్దులు లేక ఇథియోపియా కరువులో మునిగింది. పాడి తప్ప మరో ఆధారం లేని మసాయిలు ఆ కాలాన్ని ఎముతాయ్, అంటే సర్వనాశనం, అని ఇప్పటికీ తలచుకుంటారు.

పశువులతో పాటు అడవీ చచ్చింది. ఆఫ్రికా అడవిదున్నలు, ఇలాండ్, కుడూ, వైల్డెబీస్ట్ వంటి జింకజాతులు కుప్పలుగా పడిపోయాయి. మేసే నోళ్ళు లేక చాలాచోట్ల పొదలు పెరిగాయి, ఆ పొదల్లో సెట్సీ ఈగ చేరింది, ఈగతో పాటు మనుషులకు నిద్రజబ్బు వచ్చింది. ఆ ఈగకు రక్తం దొరక్కుండా చేయాలని దక్షిణ రొడీషియా ప్రభుత్వం దశాబ్దాల తరబడి వన్యమృగాలను లక్షల్లో కాల్పించింది. ముసర విషయంలోనూ అనుమానమంతా అడవి మీదే. వైల్డెబీస్ట్ మందల్లో రోగం దాగి ఉందని, అవి ఉన్నంతకాలం ఆవులకు విముక్తి లేదని నమ్మినవాళ్ళు ఎందరో.

టాంజానియాలోని సెరెంగెటీ మైదానాల్లో ఏటా వైల్డెబీస్ట్ దూడలు తల్లిపాలతో వచ్చిన రక్షణ తగ్గగానే ఏడాది లోపే ముసరతో చనిపోయేవి. 1950ల నుంచి ఆ చుట్టుపక్కల ఆవులకు టీకాలు ముమ్మరంగా వేశారు. అడవి జంతువుల్లో ఒక్కదానికీ సూది వేయలేదు. అయినా 1963 తర్వాత పుట్టిన వైల్డెబీస్ట్‌ల రక్తం పరీక్షిస్తే ముసర సోకిన ఆనవాలే లేదు. ఆవుల్లో ఆగగానే అడవిలోనూ ఆగిపోయింది. రోగం దాగింది పశువుల్లో, బలైంది అడవి. నిందితుడని కాల్చబోయిన ప్రాణి నిజానికి బాధితుడని తేల్చిన రుజువు అది. పశువైద్య చరిత్రలో అంతకన్నా గొప్ప తీర్పు నాకు కనబడదు.

1961లో రెండున్నర లక్షలకు కాస్త పైన ఉన్న వైల్డెబీస్ట్‌లు 1977కల్లా 13 లక్షలు దాటాయి. గడ్డి అంతా అవే మేయడంతో కార్చిచ్చు తగ్గింది, మంటలు తగ్గడంతో చెట్లు మొలిచాయి. ఆవుకు వేసిన టీకా అడవి రూపునే మార్చిందంటే నమ్మాల్సిందే.

కెన్యాలోని ముగుగా ప్రయోగశాలలో దూడ మూత్రపిండ కణాల మీద వైరస్‌ను పెంచి, చవకైన, జీవితకాలం కాపాడే ముసర టీకాను తయారుచేసినవాడు వాల్టర్ ప్లోరైట్. 1999లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. సెరెంగెటీ రక్తపరీక్షల్లోనూ ఆయన చేయి ఉంది. అదే ప్లోరైట్ 1960లో వైల్డెబీస్ట్ రక్తం నుంచి మరో వైరస్‌ను వేరుచేశాడు. అది తెచ్చే మాలిగ్నెంట్ కెటారల్ ఫీవర్ అనే జబ్బు వైల్డెబీస్ట్‌ను ఏమీ చేయదు, ఆవుకు సోకితే బతకడం అరుదు. అంటే ఇక్కడ దారి తిరగబడింది, అడవి నుంచి మందకు.

మసాయి కాపరులకు ఇది తరతరాలుగా తెలుసు. జనవరి, మార్చి మధ్య పొట్టిగడ్డి మైదానాల్లో వైల్డెబీస్ట్‌లు ఈనగానే వాళ్ళు ఆవులను దూరంగా తోలుకుపోతారు. ఈనినప్పుడు పడే మాయ వల్ల రోగం వస్తుందని వాళ్ళు చెప్పేవారు. మూడు నెలల లోపు దూడల ముక్కు, కంటి స్రావాల్లో వైరస్ ఉంటుందని పరీక్షల్లో తేలింది. కారణం వేరైనా, దూరంగా ఉండాలన్న వాళ్ళ తీర్మానం నిక్కచ్చిగా సరైనది. అందుకు వాళ్ళు చెల్లించే మూల్యం కూడా చూడండి. ఏడాది మొత్తంలో మేలైన పచ్చిక ఆ నేలల్లో, ఆ నెలల్లోనే ఉంటుంది. దాన్ని వదులుకుని ఆవులను నాసిరకం మేత మీద బతికించాలి. వన్యప్రాణుల రక్షణ గురించి మాట్లాడే మనం ఈ నష్టాన్ని ఒక్క కాపరుల మీదే వదిలేయడం న్యాయం కాదు.

ముసర మన దేశంలో చివరిసారి 1995లో కనబడింది. ఆఫ్రికాలో చివరి ఆనవాలు 2001లో కెన్యా మేరు ఉద్యానవనపు అడవిదున్నల్లో దొరికింది. 2011లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. కానీ దాని దగ్గరి చుట్టం, గొర్రెలు, మేకల పారుడు రోగం, మిగిలే ఉంది. 2016, 17 సంవత్సరాల్లో మంగోలియాలో సైగా జింకలు దానివల్లే వేలల్లో చనిపోయాయి. అక్కడా రోగం మందల నుంచే అడవికి పోయింది.

మన దగ్గరా అదే ప్రమాదం ఉంది: కర్నూలు పక్క రోళ్ళపాడులో కృష్ణజింకలు, గొర్రెల మందలు ఒకే గడ్డి మేస్తున్నాయి. 2030 నాటికి పారుడు రోగాన్ని నిర్మూలించాలని ప్రపంచ సంస్థలు గడువు పెట్టుకున్నాయి. ఈ సభలోని యువ పశువైద్యులకు నా మనవి ఒక్కటే. అడవి అంచున మేసే ప్రతి గొర్రెకూ, మేకకూ ముందు టీకా వేయండి.