బ్యాటరీ ఎక్కడ పెడుతున్నారు?

పొదుపు లెక్కలు, అప్పు లెక్కలు అయిపోయాయి కాబట్టి నాకు ఐదు నిమిషాలు ఇవ్వండి.

మా శ్రీకూర్మంలో ఇప్పుడు కరెంటు బళ్ళు బాగానే తిరుగుతున్నాయి. పోయినేడు సంఘం అప్పుతో నేనూ ఒకటి తీసుకున్నాను. బయట ఉంచితే ఎవరైనా పట్టుకుపోతారని బ్యాటరీ ఊడదీసి, రాత్రిపూట సావిట్లో గుమ్మం పక్కనే ఛార్జింగ్ పెట్టేదాన్ని. మా అత్త మంచం కూడా అక్కడే. మా ఇంటికి ఉన్నది ఒక్కటే గుమ్మం. ఆ సంగతి నాకు చాన్నాళ్ళు తట్టనే లేదు.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకాయన కొత్త బండి బ్యాటరీని పడకగదిలో ఛార్జింగ్ పెట్టి పడుకున్నాడు. తెల్లవారుజామున పేలింది. ఆయన పోయాడు, భార్య ఒళ్ళు కాలి ఆసుపత్రి పాలైంది. అదే నెలలో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన పోయాడు. సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద కరెంటు స్కూటర్ల షాపు, పైన లాడ్జి. అగ్గి కింద పుట్టింది, పొగ పైకెళ్ళింది. 8 మంది చనిపోయారు.

ఇవి విన్నాక అత్త మంచం జరపలేదు, బ్యాటరీనే జరిపాను.

లోపల చిన్నచిన్న సెల్లులు వరసగా ఉంటాయట. ఒకటి చెడి వేడెక్కితే పక్కదానికి అంటుకుంటుంది, తాటాకిళ్ళ వరసలో అగ్గి పాకినట్టు. ఆరినట్టే ఉండి మళ్ళీ లేస్తుంది. ఆ పొగ విషం. పొగ గానీ బుస్సుమని చప్పుడు గానీ వస్తే చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడకండి. మనుషుల్ని బయటికి లాగి, దూరం పోయి, 101కి ఫోన్ చెయ్యండి.

నేనిప్పుడు పగలే, నేను మెలకువగా ఉన్నప్పుడే, అరుగు మీద నీడలో, సిమెంటు నేల మీద పెడుతున్నాను. గడ్డి, గోనెలు, గ్యాసుబండ దగ్గర వద్దు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారనివ్వాలి. బండితో ఇచ్చిన ఛార్జరే వాడాలి. ఒక షాపాయన చవగ్గా వేరేది అంటగట్టాడు, వారం తిరక్కుండా ప్లగ్గు ముట్టుకోలేనంత కాలింది. తుఫానుకి ఉప్పునీట మునిగిన బండిని మెకానిక్ చూడకుండా ఛార్జింగ్ పెట్టనే వద్దు.

ఇంకొకటి చెప్పడానికి సిగ్గుగానే ఉంది. గ్రామ సంఘం పాత ఫోను పూరీలా ఉబ్బితే, పారేస్తే దండగని బీరువాలో పాసుపుస్తకాల మధ్య ఆర్నెల్లు పెట్టింది నేనే. అది అంటుకునుంటే మన లెక్కలన్నీ బుగ్గే. నొక్కకుండా, పొడవకుండా, ఇసక పోసిన కుండలో ఆరుబయట ఉంచి, తర్వాత సర్వీసు సెంటరులో ఇచ్చొచ్చాను. పాత బ్యాటరీలు కంపెనీలే వెనక్కి తీసుకోవాలని 2022లో నిబంధన వచ్చింది. చెత్తబండిలో వెయ్యకండి, ఆ బండి దగ్గర పనిచేసేదీ మనలాంటి వాళ్ళే.

సభ అయ్యాక బండి ఉన్నవాళ్ళు కాసేపు ఆగండి. ఒక్క గుమ్మం ఇళ్ళు ఎన్నో, బ్యాటరీ ఎక్కడ పెడుతున్నారో రాసుకుందాం.