తాబేలుకు దారి ఇచ్చినవారెవరు?



మన బరంపురంలో చలి మొదలైంది. తెల్లవారుజామున ప్రార్థనకు వచ్చేవాళ్ళు శాలువాలు కప్పుకుని వస్తున్నారు. ఇళ్ళ ముందు నక్షత్రాలు వెలిగాయి. దుప్పట్లు ఎవరెవరికి ఇవ్వాలో మన యువజనులు జాబితా రాస్తున్నారు. చలికాలం మనకు ఇచ్చే కాలం. అది మంచి అలవాటు, దాన్ని విడిచిపెట్టనక్కర్లేదు. కానీ ఈ సాయంత్రం మనల్ని మనం ఒక మాట అడుగుదాం. మనం ఇస్తున్నది మన చేతిలోదేనా? లేక ఇంకొకరి చేత ఇప్పించి, ఆ మంచిపేరు మనం తీసుకుంటున్నామా?

ఈ ప్రశ్న మనకు రుషికుల్య ఒడ్డున ఎదురవుతుంది.

గంజాం దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు మనకు దూరం కాదు. నవంబరు వచ్చేసరికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆ సముద్రంలోకి చేరతాయి. చలికాలమంతా తీరానికి దగ్గరలోనే ఉంటాయి. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆడ తాబేళ్ళు రాత్రిపూట వేలకు వేలు ఇసుక మీదికి ఎక్కివస్తాయి. ఒక్కొక్కటి వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. తన పిల్లల్ని అది చూడదు. ఇసుక వేడికే గుడ్లు పొదగబడి, నెలన్నర దాటాక పిల్లలు బయటికి వస్తాయి. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య దగ్గర దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. కొన్ని సంవత్సరాలు గుంపుగా అసలు రావు. అవి వచ్చిన సంవత్సరం మనకు పండుగే. కుటుంబంతో వెళ్ళి చూసి, ఫోన్లలో ఫొటోలు తీసుకుని, దేవుని సృష్టి ఎంత అద్భుతమని స్తోత్రం చెల్లిస్తాం.

ఆ తాబేళ్ళకు దారి ఇచ్చినవారెవరో కూడా చూద్దాం.

తాబేలు చేప కాదు, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చనిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి చచ్చిన తాబేళ్ళు వందల సంఖ్యలో కొట్టుకొచ్చాయి. అక్కడున్న మన బంధువులు ఆ దృశ్యం చూసే ఉంటారు. అందుకే ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేట నిషేధం. ఇది అవసరమైన నిషేధమే. దాన్ని ఎత్తివేయాలని మనం అడగడం లేదు.

అయితే నెలలు లెక్కపెట్టండి. ఏడు నెలలు! దానికి తోడు తూర్పు తీరమంతా చేపలు పిల్లలు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం ఉంది. అది ముగిసేసరికి తుఫానుల భయం మొదలవుతుంది. 20 కిలోమీటర్లు దాటి వెళ్ళాలంటే పెద్ద ఇంజను కావాలి, ఎక్కువ డీజిలు కావాలి. చిన్న ఫైబరు పడవవాడికి ఆ రెండూ ఎక్కడివి?

ఆ చిన్న పడవలవాళ్ళు ఎవరు? ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే మన తెలుగువాళ్ళు. తరాల క్రితం వచ్చి ఈ తీరాన స్థిరపడినవాళ్ళు. పొడంపేట పేరు మీరు వినే ఉంటారు. ఆ ఊరి ఇళ్ళను సముద్రం కోసుకుపోతే కుటుంబాలు వేరే చోటికి మారాయి. ఇల్లు సముద్రం తీసుకుంది, వేటను నిషేధం ఆపింది.

మొన్న మాలో కొందరం ఆ తీరానికి వెళ్ళాం. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడతో మాట్లాడాం. "తాబేలు మాకు దేవుడు బాబూ. వలలో పడితే వల కోసైనా ఒగ్గేస్తాం. దానికి మేం అడ్డం కాదు. కానీ ఏడు నెల్లు సముద్రానికి తాళం ఏస్తే, పిల్లల కడుపులకి కూడా తాళం ఏసీమంటారా?" అంది. కోపంగా అనలేదు. చేతిలో పని ఆపకుండా అంది. మా దగ్గర జవాబు లేదు. మేం అక్కడికి తాబేళ్ళ గురించి తెలుసుకుందామని వెళ్ళాం. ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా అని అడగాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ప్రియులారా, మన పరిశుద్ధ గ్రంథం ఈ రెంటినీ విడదీయదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. గూటిలో గుడ్ల మీదో పిల్లల మీదో కూర్చున్న తల్లిపక్షి కనబడితే, పిల్లలతో పాటు తల్లిని పట్టుకోవద్దని అక్కడ రాసి ఉంది. గుడ్లు పెట్టే ప్రాణి మీద దేవుని కాపుదల ఉందని దానివల్ల తెలుస్తుంది. అదే ధర్మశాస్త్రం పొలం అంచుల్లో పంటను బీదల కోసం వదిలేయమంటుంది. ఆ అంచు ఎవరి పొలంలోది? పొలం ఉన్నవాడిది. పరిగె ఏరుకోవడానికి వచ్చిన రూతును నీ చీరకొంగులోది తీసి ఇవ్వమని ఎవరూ అడగలేదు.

కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు చందా సంగతి చెబుతూ, ఒకరికి తేలిక చేసి ఇంకొకరికి భారం చేయడం తన ఉద్దేశం కాదని, సమానత్వం ఉండాలని అంటాడు. రుషికుల్య దగ్గర మనం చూస్తున్నది దానికి తలకిందులు. తాబేలు బతకాలని అందరం కోరుకుంటున్నాం, ఖర్చు మాత్రం ఒక్క బెస్తవాడి పొయ్యి మీద పడుతోంది. ప్రభుత్వం కొంత జీవనభృతి ఇస్తోంది, మంచిదే. కానీ ఏడు నెలల సంపాదనకు అది సాటిరాదు. పేరు నమోదు కానివాళ్ళకు అదీ అందదు.

యోహాను సువార్త 21వ అధ్యాయం చూడండి. రాత్రంతా వేసినా వల ఖాళీ. తెల్లవారేసరికి యేసు ప్రభువు ఒడ్డున నిలిచి, తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. వాళ్ళు ఒడ్డుకు వచ్చేసరికి నిప్పులు ఉన్నాయి, వాటిమీద చేప ఉంది, రొట్టె ఉంది. అందరూ తిన్న తరువాతే ఆయన పేతురుకు మందను మేపే పని అప్పగించాడు. ముందు తిండి, ఆ తరువాత బాధ్యత. మనమేమో బాధ్యత ముందు అప్పగించి, తిండి సంగతి మరచిపోతున్నాం.

కాబట్టి ఈ క్రిస్మసుకు మనం చేయగలిగినవి చెప్పుకుందాం.

మొదటిది, మన కానుక. దుప్పట్లు డిసెంబరులో అందరూ ఇస్తారు. ఆ ఇళ్ళలో అసలు కష్టం చేతిలో డబ్బు అయిపోయే ఫిబ్రవరి, మార్చి నెలల్లో. క్రిస్మసు కానుకలో సగం పక్కన పెట్టి, ఆ నెలల్లో బియ్యానికి, పిల్లల బడి ఖర్చులకు వాడదాం. ఆ పిల్లలు ఏ మతంవాళ్ళని అడగవద్దు.

రెండవది, మన చదువు. ఆ తీరంలో చాలామంది పెద్దలకు తెలుగు మాట్లాడడమే వచ్చు. దరఖాస్తులు ఒడియాలో, ఆన్‌లైనులో ఉంటాయి. మీకు ఒడియా చదవడం వచ్చు, ఫోను వాడడం వచ్చు. జనవరిలో రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక వెళ్ళి, పేరు నమోదుకు, బ్యాంకు ఖాతాకు కావలసిన కాగితాలు నింపిపెట్టండి. దీనికి చందా అక్కర్లేదు.

మూడవది, మన చెత్త. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, థర్మాకోల్ అలంకరణలు దేశమంతటా నిషేధం. అయినా మన ప్రేమవిందుల తరువాత చర్చి వెనక ఏం పోగవుతోందో మనకు తెలుసు. ఒడియాలో సియాలి అనే అడ్డాకు విస్తళ్ళు కొందాం. వాటిని అడవిలో ఏరి కుట్టేది ఆదివాసీ స్త్రీలు, మన విందు వాళ్ళకు కూలి అవుతుంది. తాబేళ్ళు ఒడ్డెక్కే లోపే, జనవరిలో తీరాన తెగిపడిన వలలు, సంచులు ఏరుదాం. చూడడానికి వెళ్ళినప్పుడు టార్చీలు, ఫోను లైట్లు వెలిగించవద్దు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురువైపే నడుస్తుంది. మన లైటు చూసి సముద్రం అనుకుంటుంది.

నాలుగవది, మన గొంతు. భృతి ఏడు నెలలకూ సరిపడేలా ఉండాలని, నిషేధం చిన్న పడవల మీద ఎంత గట్టిగా అమలవుతుందో పెద్ద ట్రాలర్ల మీద అంతకంటే గట్టిగా అమలు కావాలని, మన సంఘాలన్నీ కలిసి అధికారులకు రాద్దాం. ఈ ఉత్తరం తాబేలుకూ మేలే. భరోసా ఉన్న బెస్తవాడిని మించిన కావలివాడు దానికి ఎక్కడ దొరుకుతాడు?

యానాంలో, చెన్నైలో, ముంబయిలో ఉన్న మన తెలుగు సంఘాలవాళ్ళు కూడా చుట్టూ చూడాలి. మీ దగ్గర చెరువో, మడ అడవో, కొండో కాపాడాలని అనుకున్నప్పుడు, దానికోసం ఎవరి కూలి ఆగిందో ముందు అడగండి. ఆ ఇంటికి వెళ్ళాకే సృష్టి పరిరక్షణ గురించి ప్రసంగించండి.

పశువుల తొట్టిలో పడుకోబెట్టిన ప్రభువు పుట్టుకను మనం ఆచరిస్తున్నాం. చలిరాత్రి సత్రంలో చోటు లేని కుటుంబం ఆయనది. ఈ చలికాలంలో తాబేలుకు సముద్రంలో చోటు దొరికింది, దేవునికి స్తోత్రం. ఆ చోటు ఖాళీ చేసి ఇచ్చినవాడికి మన బల్ల దగ్గర చోటు చేద్దాం. అందుకు ప్రభువు మనకు మనసు దయచేయును గాక. ఆమేన్.