చరిత్ర సంఘాలు - సామాజిక మాధ్యమాల వినియోగం
(ప్రసంగ పాఠం)



బెంగళూరు హెబ్బాళలో 2018లో కాలువ కోసం తవ్వుతుండగా ఒక శిలాఫలకం బయటపడింది. అది గాంగరాజు శ్రీపురుషుని కాలపు వీరగల్లు. పోరులో ప్రాణాలు విడిచిన కిట్టయ్య అనే వీరుని స్మృతిగా సుమారు సా.శ. 750లో నిలిపినది. పన్నెండు శతాబ్దాల నాటి ఆ రాయి చెత్తకుప్పలో కలిసిపోకుండా నిలిచిందంటే, శాసనమంటే ఏమిటో తెలిసిన పౌరులు నగరంలో అప్పటికే కొందరు ఉండడమే కారణం.

అలాంటి పౌరులను ఒకచోట చేర్చినది ఒక ఫేస్‌బుక్ బృందం. నగర శాసనాల కోసం 2017లో అది ఏర్పడింది. ఆ బృందానికి ఆధారం బి.ఎల్. రైస్ 1905లో ప్రకటించిన ‘ఎపిగ్రాఫియా కర్నాటికా’ బెంగళూరు సంపుటం. అందులో పేర్కొన్న రాళ్లలో ఏవి మిగిలాయో, ఏవి కనుమరుగయ్యాయో సభ్యులు వీధి వీధి తిరిగి చూశారు. మిగిలినవాటి ఉనికిని గూగుల్ మ్యాప్స్‌లో గుర్తించారు. తర్వాత 1909లో స్థాపితమైన మిథిక్ సొసైటీ 2021లో ఈ శాసనాలను త్రీడీ స్కానింగ్ ద్వారా భద్రపరిచే పనిని చేపట్టింది. సామాజిక మాధ్యమం మనుషులను పిలిచింది. గ్రంథం దారి చూపింది. సంస్థ ఫలితాన్ని భద్రపరిచింది. ఈ మూడూ కలిసినప్పుడే చరిత్ర సంఘానికి నిజమైన ప్రచారం.

ఈ నగరంలోని తెలుగువారికి ఈ ఉదాహరణ పరాయిది కాదు. రైస్ సంపుటాలలోనే కోలారు ప్రాంతపు తెలుగు శాసనాలు అనేకం ఉన్నాయి. 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను పరిష్కరించి ప్రకటించిన విదుషి పేరు ముందు ఈ ఊరి పేరే ఉంది: బెంగళూరు నాగరత్నమ్మ. అయినా తెలుగు సంఘాల ఫేస్‌బుక్ పేజీలలో సాధారణంగా కనిపించేవి పండుగ శుభాకాంక్షలు, అతిథులకు శాలువా కప్పుతున్న ఫోటోలు. అవి సంఘం ఉన్నదని చెబుతాయి. సంఘం ఎందుకు ఉన్నదో చెప్పవు.

పోతున్నది చిన్నదేమీ కాదు. పాత ఇల్లు అమ్మిన రోజున అటకమీది ట్రంకుపెట్టె తూకానికి పోతుంది. అందులో నాటకాల కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు, ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు, పద్దు పుస్తకాలు ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే మూడవ తరానికి తెలుగు అక్షరం రాకపోవడం ఇక్కడ తరచు కనిపించేదే. తాత రాసిన ఉత్తరం మనవరాలి చేతిలో మూగబోతుంది. కాగితాన్ని రేపైనా స్కాన్ చేయవచ్చు. ఫోటోలో ఎడమవైపు నిలుచున్నది ఎవరో చెప్పగల పెద్దావిడ మాత్రం రేపటికి ఉండకపోవచ్చు.

కనుక సంఘం అడిగే ప్రశ్న సూటిగా ఉండాలి. “మీ పాత ఫోటోలు పంపండి” అంటే ఎవరూ కదలరు. “1960 ప్రాంతంలో మీ పేటలో తెలుగు నాటకాలు ఎక్కడ ఆడేవారు? ఆ కరపత్రం ఎవరి ఇంట్లోనైనా ఉందా?” అంటే జ్ఞాపకం కదులుతుంది. వచ్చిన ప్రతి చిత్రానికీ ఐదు వివరాలు జతచేయాలి: ఏమిటి, ఎక్కడిది, ఎప్పటిది, అందులో ఎవరున్నారు, ఎవరు ఇచ్చారు. ఫోటో వెనుకవైపునూ స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, తేదీ తరచు అక్కడే దొరుకుతాయి.

వాట్సాప్ బృందం రచ్చబండ వంటిది. మాట అక్కడ పుడుతుంది, అక్కడ నిలవదు. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నాణ్యత తగ్గుతుంది. అందులో నిక్షిప్తమైన తేదీ, స్థల సమాచారం తొలగిపోతుంది. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు చేరుతుంది. ఆ తర్వాత దానికి స్థిర నివాసం కావాలి. చిత్రాలకు వికీమీడియా కామన్స్, హక్కుల కాలం తీరిన పుస్తకాలకు తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నాయి. రచయిత మరణించిన తర్వాత 60 సంవత్సరాల వరకు మన దేశంలో గ్రంథస్వామ్యం ఉంటుందన్నది మరువరాదు. కామన్స్‌లో చేరిన చిత్రాన్ని ఎవరైనా, వ్యాపారానికైనా, వాడుకోవచ్చు. ఈ సంగతి కుటుంబానికి ముందే చెప్పి, అంగీకారం తీసుకున్నాకే చేర్చాలి. వీటన్నిటితోపాటు సంఘం సొంత ప్రతులు రెండు వేర్వేరు చోట్ల ఉండాలి.

మరొక లోపం అక్షరానికి సంబంధించినది. అను ఫాంట్లలో కూర్చి, బొమ్మగా మార్చి పెట్టిన ప్రకటన కంటికి ఇంపుగా ఉంటుంది. గూగుల్‌లో వెదికేవారికి మాత్రం తేలికగా దొరకదు. అదే విషయాన్ని బొమ్మ కింద యూనికోడ్ తెలుగులో రాస్తే హైదరాబాదులోని పరిశోధకుడికీ, అమెరికాలోని మనవడికీ దొరుకుతుంది. పక్కనే కన్నడంలో, ఇంగ్లీషులో ఒక్కొక్క వాక్యం చేర్చితే పొరుగువారూ చదువుతారు. ఈ నగర చరిత్ర ఒక్క భాషలో ఇమిడేది కాదు.

ఆధారానికీ వినికిడికీ మధ్య గీత చెరగరాదు. “మా వంశంవారే ఈ పేట కట్టించారు” అన్న మాట విలువైనదే. అయితే దానిని కుటుంబ కథనమనే ప్రకటించాలి. పొరపాటు బయటపడితే పోస్టును తొలగించి ఊరుకోకుండా, ఆ పోస్టులోనే సవరణ రాయాలి. ఆస్తి పత్రాలు, జీవించి ఉన్నవారి చిరునామాలు, ఫోన్ నంబర్లు బహిరంగపరచరాదు. పెద్దల మాటలను రికార్డు చేసేటప్పుడు వారి అనుమతిని రికార్డులోనే మొదట వినిపించాలి.

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. చదవగలిగిన ఒక పెద్దమనిషి, ఫోను చేతబట్టిన ఒక యువకుడు లేదా యువతి, వారానికి ఒక గంట చాలు. జ్ఞాపకం ఒకరిది, నైపుణ్యం మరొకరిది. ఆ గంటలో తెలుగు అక్షరం కూడా చేతులు మారుతుంది.

ఇక ఫలితాన్ని కొలవడం. లైకుల లెక్క తెల్లవారేసరికి మాసిపోతుంది. ప్రతి సంఘమూ తన వార్షిక నివేదికలో జమాఖర్చుల పక్కన మరొక పద్దు రాయాలి: ఈ ఏడాది పేరు తెలియని ఎన్ని ముఖాలకు పేర్లు దొరికాయి? ఆ అంకె ఒకటైనా సరే, నివేదిక చదివినవారు తమ ఇంటి ట్రంకుపెట్టె తెరుస్తారు.