జీ.ఓ.తో పాటు అనుబంధం కూడా చదవాలి

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మాడుగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం నకారా కేసు తీర్పును తలచుకుంటాం. పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ విషయం ఇతర వక్తలు చెప్పారు. నేను ఒక్క కుటుంబ పింఛను గురించి చెబుతాను.

1990 తర్వాత నేను ట్రెజరీలో గుమాస్తాగా ఉండగా, సిపాయి భర్తను పోగొట్టుకున్న ఒకామె నా కౌంటరుకు వచ్చేది. ముప్పయ్యేళ్లు నిండలేదు. సంతకం రాదు, వేలిముద్రే. ఒకనాడు అడిగింది: "బాబూ, సింహళం మన దేశం కాదు గదా. మా ఇంటాయన్ని అక్కడికెందుకు పంపినారు?"

"శాంతి కోసమమ్మా" అన్నాను. పేపర్లో చదివిన మాట. ఆమె ఇంకేమీ అనకుండా డబ్బు కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది.

రిటైరయ్యాక ఆ ఒప్పందం పాఠం సంపాదించి చదివాను. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు చేశారు. శ్రీలంక అధ్యక్షుడు పిలిస్తే మన శాంతి దళం వెళ్లవచ్చునన్న మాట అనుబంధంలో ఉంది. అదే రోజు నాయకులిద్దరూ ఉత్తరాలు కూడా మార్చుకున్నారు. భారత ప్రయోజనాలకు భంగం కలిగేలా ట్రింకోమలీ రేవును ఏ దేశపు సైన్యానికీ ఇవ్వరాదని, అక్కడి చమురు ట్యాంకులను రెండు దేశాలూ కలిసి నడపాలని, విదేశీ రేడియో సంస్థలతో ఒప్పందాలను పునఃపరిశీలించాలని వాటిలో ఉంది.

తమిళుల కష్టాలు కల్పితం కావు. 1983 జూలై మారణకాండ లోకమెరిగినదే. తూర్పు నౌకాదళం మన విశాఖలోనే ఉంది గనుక, రేవు సంగతీ చిన్నది కాదని ఒప్పుకుంటాను. ఆ ఉత్తరాలు రహస్యమూ కావు. కాని దళానికి పెట్టిన పేరు శాంతి. జనం నోట నానింది ఆ ఒక్క మాటే. రేవు పేరు కూడా గట్టిగా వినపడి ఉంటే, "దానికి సైన్యమే కావాలా? ఎన్నాళ్లు?" అని ఎవరైనా అడిగేవారు. శాంతి అంటే ఎవరడుగుతారు?

ఆ ఒప్పందంపై టైగర్లు సంతకం చేయలేదు. అక్టోబరుకల్లా శాంతికి వెళ్లిన దళమే వారితో యుద్ధంలో దిగింది. 1990 మార్చి 24న చివరి దళం వెనుదిరిగేసరికి వెయ్యిమందికి పైగా మన జవాన్లు నేలకొరిగారు. ఇది మన ఒక్కరి కథా కాదు. సామూహిక సంహార ఆయుధాలున్నాయంటూ 2003లో అమెరికా ఇరాక్ మీదికి వెళ్లింది. ఎంత వెదికినా అవి దొరకలేదు.

మిత్రులారా, పి.ఆర్.సి. జీ.ఓ. రాగానే మనం మొదటి పేజీతో తృప్తిపడ్డామా? గబగబా వెనక్కి తిప్పి స్కేళ్ల పట్టిక చూసుకున్నాం. జీతం లెక్కకు చూపిన ఆ జాగ్రత్త ప్రాణాల లెక్కకు కూడా చూపాలి. ఏ ప్రభుత్వమైనా సరే, పై దేశానికి సైన్యాన్ని పంపేటప్పుడు చెప్పిన కారణం వినండి. జతచేసిన కాగితం అడిగి చదవండి. మీ పిల్లలచేత చదివించండి.

ఆమె నాకు మళ్లీ ఎదురుపడలేదు. ఎదురుపడితే, "శాంతి కోసమూ, రేవు కోసమూనమ్మా. రెండోది కాగితంలోనే ఉంది. ఆనాడు నేను చదవలేదు" అని చెప్పాలి.