బోధకుడు ముందు విద్యార్థి కావాలి
(శతజయంతి సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన అధ్యక్ష ఖండము నూరేండ్లు పూర్తిచేసుకొన్న ఈ సంతోష సమయములో నాకిచ్చిన అంశము, "వేదాంత కళాశాల ఆచార్యునికి మిషనరీ అనుభవమెందుకు?" అనేది. కాపరులను తయారుచేసే గురువుకు గ్రీకు, హెబ్రీ భాషలు, పెద్ద పట్టాలు ఉంటే చాలునని మనలో అనేకులు తలుస్తారు. ఈ ప్రశ్నకు నేను సిద్ధాంతముతో గాక, ఒక మనిషి జీవితముతో జవాబు చెప్పదలచాను. ఆయన బిషప్ లెస్లీ న్యూబిగిన్.

ఆయన 1909లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, 1936లో స్కాట్లండు సంఘపు మిషనరీగా, భార్య హెలెన్‌తో మద్రాసు చేరారు. వచ్చిన కొద్ది కాలానికే బస్సు ప్రమాదములో కాలు విరిగి, చికిత్స కొరకు స్వదేశము వెళ్ళవలసి వచ్చింది. అంతటితో ఆగిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కారు. కాని ఆయన 1939లో తిరిగి వచ్చి కాంచీపురములో పని మొదలుపెట్టారు. తమిళము నేర్చి, ఆ భాషలోనే బోధించారు.

కాంచీపురములో ఆయన చేసిన ఒక పని గమనించదగ్గది. అక్కడి రామకృష్ణ మఠములో సన్యాసులతో కలిసి నేలమీద కూర్చుని, ఒక వారము ఉపనిషత్తులు, మరొక వారము యోహాను సువార్త చదివేవారు. ఆ మఠములో మహనీయుల పటముల వరుసలో యేసు పటము కూడా ఉండేది. క్రిస్మసు నాడు దానికి పూజ జరిగేది. ఇది చూసి మరొకరైతే సంతోషపడి ఊరుకొందురు. న్యూబిగిన్ మాత్రము, క్రీస్తును తమ ఆలోచనా చట్రములో ఒక మూల అమర్చుకొన్నారని గ్రహించారు. తరువాత ఆ వేలును తనవైపే తిప్పుకొన్నారు. మా పాశ్చాత్యులమూ ఇదే చేశాము గదా, మా నాగరికత చట్రములో క్రీస్తును బిగించుకొన్నాము గదా అని ప్రశ్నించుకొన్నారు. పొరుగువాని ఇంట కూర్చుంటేనే తన ఇంటి గోడలు కనబడతాయి. పుస్తకములు మాత్రమే చదివిన వానికి ఈ చూపు రావడము కష్టము.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటైన ఆ దినమున ఆయన మధురై-రామనాథపురము ప్రాంతమునకు బిషప్పుగా అభిషిక్తులైరి. అప్పటికి నలభై ఏండ్లయినా నిండలేదు. 1965 నుండి 1974 వరకు మద్రాసు బిషప్పుగా సేవచేశారు.

1974లో పదవీ విరమణ పొంది, భార్యతో కలిసి బస్సులలోనే నేల మార్గమున ఇంగ్లండుకు తిరిగి వెళ్ళారు. బర్మింగ్‌హామ్‌లోని సెల్లీ ఓక్ కళాశాలలలో అయిదేండ్లు మిషను వేదాంతము బోధించారు. స్వదేశములో ఆయనను కలచివేసిన విషయము నిరీక్షణ లేకపోవడము. మద్రాసు మురికివాడలలో సహితము రేపు బాగుంటుందనే ఆశ కనబడేది, సంపన్న దేశములో అది కనబడలేదు. అందుచేత తన స్వదేశమే ఇప్పుడు మిషను పొలమని ఆయన బోధించారు. కొర్నేలీ వృత్తాంతము చెప్పేటప్పుడు, అక్కడ మారినవాడు కొర్నేలీ ఒక్కడే కాడు, పేతురు కూడా మారాడు, సంఘమూ మారింది అని ఎత్తి చూపేవారు. ఈ మాట ఆయన నోట బలముగా పలకడానికి కారణము, అది ఆయన జీవితములో జరిగినదే.

ఆ తరువాత, డెబ్బై ఏండ్ల వయస్సులో, బర్మింగ్‌హామ్ విన్సన్ గ్రీన్ పేటలో, జైలుకు ఎదురుగా ఉన్న ఒక చిన్న సంఘమునకు కాపరిగా వెళ్ళారు. 1998లో ప్రభువునందు నిద్రించారు.

మన సంగతేమిటి? తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చి, 1912లో బిషప్పు అయ్యారు. భాష మారి, భోజనము మారి వచ్చినవారి మూలముగా మనకు సువార్త అందింది. అందుకొన్న మనము ఎవరి భాష నేర్చుకొన్నాము? మన ఇటుక బట్టీలలో ఒడియా కూలీలున్నారు. మన్యములో కోయలు, గోండులు ఉన్నారు. అంత దూరమెందుకు, ఒకే ఊరిలో ఒక పేటవారు మరొక పేటవారి ప్రార్థనకు వెళ్ళని స్థితి ఇంకా ఉన్నది. ఆ దూరము దాటడము సముద్రము దాటడముకంటె కష్టమని మనకందరకు తెలుసు.

కనుక పెద్దలకు నా మనవి రెండు మాటలు. వేదాంత విద్యార్థి గురుపట్టాభిషేకానికి ముందు ఒక సంవత్సరమైనా తనది కాని ప్రజలమధ్య, తనది కాని భాషలో బ్రదకాలి. ఆచార్యుని నియమించేటప్పుడు, "ఏమి చదివావు?" అనే ప్రశ్నతోబాటు, "ఎవరి మధ్య నివసించావు? వారినుండి ఏమి నేర్చుకొన్నావు?" అని కూడా అడగాలి.

సంఘస్థులకు ఒకే మాట. వచ్చే ఆదివారము మీ వరుసలో వేరే యాసవాడు వచ్చి నిలుచుంటే, కొంచెము జరిగి చోటివ్వండి. రెండవ నూరేండ్ల పని అక్కడనుండి మొదలవుతుంది. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.