చైన్ సాకు పదును పెట్టేముందు ఈ పని మర్చిపోకండి

మన త్రిపురారం దిక్కు గట్ల మీద సర్కారు తుమ్మ కొట్టే అన్నలు కొందరు అడిగిండ్రు: "ఆకురాయితో చేతులు గుంజుతున్నయి, బ్యాటరీ షార్పనర్ వాడొచ్చా?" అని. వాడొచ్చు. కానీ ఒక మాట.

షార్పనర్ చేతిలో ఉంటే మన ధ్యాసంతా దానిమీదే ఉంటది. అసలు ప్రమాదం ఎదురుగా ఉన్న రంపంతోటి. బ్యాటరీ రంపమైతే స్విచ్ ఆపితే చాలదు, బ్యాటరీ తీసి దూరంగా పెట్టండి. పెట్రోల్‌దైతే ఇంజన్ చల్లారినాక స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేయండి.

బార్‌ను వైస్‌లో బిగించి, చైన్ బ్రేక్ వేయండి. ఒళ్లో పెట్టుకొని చేయొద్దు. రవ్వలు ఎగురుతయి, కళ్లద్దాలు తప్పనిసరి. మెడల కండువా తీసేయండి, తిరిగే రాయికి చుట్టుకుంటది. రాయి మార్చేటప్పుడు షార్పనర్ బ్యాటరీ కూడా తీయండి.

రాళ్లు 4, 4.8, 5.5 మి.మీ. సైజుల్లో వస్తయి. మీ చైన్‌కు ఏది సరిపోతదో మాన్యువల్‌లో చూడండి. చాలా చైన్లకు కోణం 30 డిగ్రీలు. గట్టిగా నొక్కొద్దు. పన్ను వేడెక్కి నీలంగా మారితే ఉక్కు గట్టిదనం పోయినట్టే. అన్ని పళ్లనూ సమానంగా అరగదీయండి, లేకుంటే కోత ఒక పక్కకు పోతది.

చైన్ జరపాలంటే ముందు షార్పనర్ ఆపండి. గ్లౌజు తొడిగి, బ్రేక్ వదిలి, చేత్తో జరిపి, మళ్లీ బ్రేక్ వేయండి.

పదును పెట్టేటప్పుడు తిరగాల్సింది రాయి ఒక్కటే, చైన్ కాదు. ఇదొక్కటి గుర్తుంటే వేళ్లు పదిలం. ఉంటా మరి.