దున్నినవానికి చేరని రెండు వేలు



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆ మరునాడే కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 1.70 లక్షల కోట్ల రూపాయల గరీబ్ కల్యాణ్ ప్యాకేజీని ప్రకటించారు. అందులో రైతుకు దక్కిన భాగం ఒక్క మాటలో చెప్పవచ్చు. పీఎం కిసాన్ కింద ఏటా మూడు విడతలుగా ఇచ్చే 6,000 రూపాయలలో మొదటి 2,000 ఏప్రిల్ ఆరంభంలోనే 8.7 కోట్ల మంది ఖాతాలలో వేస్తామన్నారు. నిజానికి అది కొత్త సొమ్ము కాదు, ఎలాగూ రావలసినదే. అయినా లారీలు నిలిచి, కూలీలు దొరకక, పండిన పంట చేనులోనే వాడిపోతున్న ఆ వారాలలో 2,000 రూపాయలను చిన్న మొత్తమని తీసిపారవేయలేము.

అయితే ఆ సొమ్ము నాగలి వెంట నడవలేదు, పట్టాదారు పుస్తకం వెంట నడిచింది. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉన్నదన్నదే ఆ పథకానికి కొలబద్ద. గోదావరి జిల్లాలోని రెండెకరాలను కౌలుకిచ్చి, బెంగళూరులోనో బరంపురంలోనో స్థిరపడిన కుటుంబానికి ఫోనులో జమ సందేశం వచ్చింది. విత్తనానికీ ఎరువుకూ అప్పు తెచ్చి, కోత యంత్రానికి బాడుగ కట్టిన కౌలుదారుకు ఏ సందేశమూ రాలేదు. ఆదాయపు పన్ను చెల్లించేవారు ఈ పథకానికి అనర్హులు. అట్లా తీసుకొన్నవారి నుండి ప్రభుత్వం తరువాత సొమ్ము తిరిగి రాబట్టింది కూడా. తమిళనాడులో, ముఖ్యంగా కడలూరు, విల్లుపురం, కళ్ళకురిచ్చి జిల్లాలలో, రైతులే కానివారి పేర్లు వేల సంఖ్యలో జాబితాకెక్కిన వైనం 2020లోనే బయటపడింది. జాబితాలో చోటు లేని కౌలుదారు ఈ వార్తను ఎట్లా విని ఉంటాడో ఊహించుకోవచ్చు.

రాష్ట్రాలు తలా ఒక దారి పట్టాయి. తెలంగాణ రైతుబంధు ఎకరాకు పంటకాలానికి 5,000 ఇచ్చింది, కాని పట్టాదారుకే. ఒడిశా కాలియా పథకం భూమిలేని వ్యవసాయ కుటుంబాలనూ కలుపుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో నాటి రైతు భరోసా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలుదారులకు ఏటా 13,500 రూపాయలు ఇస్తామన్నది. మంచి మాటే. కాని అందుకు సాగుదారు హక్కు పత్రం కావాలి, 2019 నాటి చట్టం ప్రకారం ఆ పత్రానికి భూయజమాని సంతకం కావాలి.

చిక్కంతా ఆ సంతకం దగ్గరే. నోటిమాట మీద ఏళ్ళ తరబడి కౌలుకిచ్చేవారు కాగితం అనగానే వెనుకాడుతారు. కౌలుదారు పేరు రికార్డుకెక్కితే భూమి చేజారుతుందని పెద్దల కాలం నుండి వస్తున్న భయం అది. పట్టణంలో ఉన్నవారికి ఆ భయం మరికొంత ఎక్కువ, కళ్ళెదుట లేని భూమి కదా. చట్టం మాత్రం స్పష్టంగానే ఉన్నది. ఒప్పందం గడువు 11 నెలలు. పత్రం ఇచ్చేది పంట మీద హక్కునే, పంట రుణానికీ బీమాకూ నష్టపరిహారానికీ ఆధారంగా. యాజమాన్యాన్ని అది తాకదు. గడువు ముగిస్తే పత్రమూ ముగుస్తుంది.

సంక్రాంతికి సొంతూరు వెళ్ళేవారిలో కౌలుకిచ్చిన చేను ఉన్నవారు చాలామందే. కౌలు లెక్క చూసుకొనే ఆ రోజుననే, కౌలుదారును వెంటబెట్టుకొని గ్రామ సచివాలయానికి వెళ్ళి ఈ పత్రం సంగతి అడిగితే, చదివి సంతకం పెట్టడానికి ఒక పూట చాలు.